వెల్దండ దగ్గర ఎకరం, మధ్యలో ఒక అగ్రిమెంటు: భూమి మధ్యవర్తి సేవపై నా సమీక్ష

2024 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, శ్రీశైలం రహదారి మీద వెల్దండ మండలంలో ఒక ఎకరం పట్టా భూమి కొనడానికి నేను ఒక మధ్యవర్తి సాయం తీసుకున్నాను. ఆయన పేరు గానీ, ఆయన కూర్చునే ఊరు గానీ ఇక్కడ రాయడం లేదు. ఆయన చేసిన పనిని తప్పుగానే లెక్కించని అలవాటు హైదరాబాదు చుట్టూ భూముల బేరాల్లో వేళ్లూనుకుని ఉంది కాబట్టి, ఒక్క మనిషి పేరు బయటపెడితే మిగిలినవాళ్లంతా మంచివాళ్లనే అపోహ కలుగుతుందని నా భయం. ఆయన ఎలా పనిచేశారో, ఎక్కడ నా పక్షాన నిలబడ్డారో, ఎక్కడ తన పక్షాన నిలబడి నా పక్షాన ఉన్నట్టు మాట్లాడారో వివరంగా చెప్తాను.

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో లెక్కల అధ్యాపకుడిగా పనిచేసి 2023లో పదవీ విరమణ చేశాను. వచ్చిన డబ్బులో కొంత పెట్టి మామిడి మొక్కలు వేసుకోవడానికి ఒక ఎకరం కొనాలన్నది నా భార్య కోరిక. కడ్తాల్, ఆమనగల్లు వైపు ధరలు మాకు అందలేదు. ప్రాంతీయ వలయ రహదారి పేరు, ఫ్యూచర్ సిటీ పేరు చెప్పి అక్కడ గుంట (ఎకరంలో నలభయ్యో వంతు) ధరకే మా గుండె ఆగేంత పని చేశారు. అందుకని ఇంకా ముందుకు, కల్వకుర్తి వైపు వెళ్లాం. ఒక బంధువు ద్వారా ఈ మధ్యవర్తి పరిచయమయ్యారు. ఎకరం 46 లక్షలనీ, తనకు మా నుంచి ఒక శాతం, రైతు నుంచి ఒక శాతం వస్తుందనీ మొదటి రోజే చెప్పారు. ఇద్దరి దగ్గరా తీసుకోవడం ఈ వృత్తిలో మామూలే కాబట్టి, ముందే చెప్పినందుకు ఆయన మీద గౌరవమే కలిగింది.

ఆయన పనితనం గురించి ముందుగా మంచి చెప్పడం న్యాయం. ఆ చుట్టుపక్కల ప్రతి సర్వే నంబరు చరిత్ర ఆయనకు నోటికి వచ్చు. మేము చూసిన బిట్టుకు ఆనుకునే మరో ముక్క ఎకరానికి ఎనిమిది లక్షలు తక్కువకు ఉందని ఊళ్లో ఎవరో చెప్తే, అది లావుణి పట్టా (ప్రభుత్వం పేదలకు కేటాయించిన) భూమి అనీ, అసైన్డ్ భూముల బదలాయింపును నిషేధిస్తూ 1977లో చేసిన చట్టం కిందికి వస్తుందనీ, ఎవరెంత తక్కువకు ఇచ్చినా దాని జోలికి వెళ్లవద్దనీ గట్టిగా చెప్పింది ఆయనే. 1954-55 ఖాస్రా పహాణీ (పాత భూ రికార్డు) నకలు తెప్పించి, అప్పటి పట్టాదారు పేరు నుంచి ఇప్పటి రైతు వరకు పేర్ల వరుసను మా ఎదుటే కలిపి చూపించారు. పొలానికి వెళ్లే బాట నక్షలో (గ్రామ పటంలో) ఉందా, లేక పక్క రైతు దయ మీద నడుస్తోందా అని నాకు తట్టని ప్రశ్న తానే వేసి, తానే జవాబు చూపించారు. ఇంత తెలిసిన మనిషి దొరకడం మా అదృష్టమని ఇంటికి వచ్చి నా భార్యతో అన్నాను కూడా. ఆయన మిగతా మాటలను పరీక్షించకుండా నమ్మడానికి ఈ మంచే కారణమైంది.

తర్వాత మూడు విషయాలు జరిగాయి. విడివిడిగా చూస్తే ఒక్కటీ పెద్దది కాదు.

మొదటిది, టోకెన్ అడ్వాన్సు లక్ష రూపాయలు రైతు పేరిట కాక తన బావమరిది ఖాతాకు పంపమన్నారు. రైతు బ్యాంకు ఖాతా పనిచేయడం లేదన్నారు. రైతుబంధు డబ్బు పడే ఖాతా పనిచేయకపోవడమేమిటని ఆ క్షణంలోనే అడగవలసింది, అడగలేదు. రెండోది, న్యాయ పరిశీలనకు తనకు తెలిసిన వకీలునే చూపించారు. ఆయన అయిదు వేలు తీసుకుని రెండు పేజీల అభిప్రాయం ఇచ్చారు. అందులో ఈసీ (భూమి మీద అప్పులూ రిజిస్టరైన లావాదేవీలూ చూపే పత్రం) శుభ్రంగా ఉందనీ, అమ్మకూడని భూముల నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేదనీ రాసి ఉంది. రెండూ నిజమే. కానీ ఆ వకీలు రైతును కలవలేదు, రైతు అక్కచెల్లెళ్ల సంగతి అడగలేదు. మూడోది, తొందర. వీలైనంత త్వరగా మిగతా డబ్బు సర్దకపోతే నల్లగొండ నుంచి మరో పార్టీ టోకెన్‌తో సిద్ధంగా ఉందని వారానికి రెండుసార్లు ఫోను చేసేవారు. అదీ మొత్తం 46 లక్షల్లో 37 లక్షలు బ్యాంకు ద్వారా, 9 లక్షలు నగదుగా కావాలన్నారు. స్థిరాస్తి బేరంలో 20 వేలు, అంతకు మించిన సొమ్ము నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం అనుమతించదని నాకు తెలుసు. ఆ మాటే చెప్తే, రైతులు అలాగే అడుగుతారు సార్ అన్నారు. లెక్కల మాస్టారుగా జీవితమంతా గడిపిన నేను 37, 9 అనే ఆ రెండు అంకెలను విడిగా ఎందుకు చెప్పారని ఆలోచించడానికి మరో పది రోజులు పట్టింది.

ఈ మూడింటికీ తోడు ఒక షరతు ఉండేది. ఎప్పుడు పొలానికి వెళ్లినా ఆయన మా వెంట ఉండేవారు. “రైతుతో రేటు మాట ఎత్తకండి సార్, మనసు మార్చుకుంటడు” అని దారిలోనే చెప్పేవారు. రైతు ఎదురైనప్పుడు నీళ్లు, పంట, పిల్లల చదువు గురించి మాట్లాడుకుని వచ్చేవాళ్లం.

నవంబరు 10, ఆదివారం, బోరులో నీటి మట్టం చూడాలని నేనూ నా భార్యా మధ్యవర్తికి చెప్పకుండానే వెళ్లాం. ఆయన్ను తప్పించాలని కాదు. ఆయన ఏదో పెళ్లిలో ఉన్నారు. రైతు గట్టు మీద కూర్చోబెట్టి, వాళ్ల పెద్దమ్మాయి చేత మజ్జిగ ఇప్పించారు. మాటల్లో నేను, డబ్బు మొత్తం బ్యాంకు ద్వారానే ఇస్తాను, 46 లక్షల్లో ఒక్క రూపాయి కూడా నగదు ఉండదు, దానికి మీకు అభ్యంతరం లేదు కదా అని అడిగాను. ఆయన చాలాసేపు నా ముఖం చూశారు. “మాకు ముప్పై ఏడుకే బేరం తెగింది సారూ. ఐదు లక్షలు బయాన ముట్టింది. మీరు ఆయన దిక్కు మనిషే అనుకున్నం” అన్నారు.

ఆ తర్వాత ఆయన ఇంట్లో నుంచి తెచ్చి చూపించిన కాగితం వంద రూపాయల స్టాంపు మీద రాసిన అమ్మకపు అగ్రిమెంటు. తేదీ ఆగస్టు 26. కొనేవారి పేరు మధ్యవర్తి బావమరిదిది. ధర 37 లక్షలు, బయానా (ముందస్తు సొమ్ము) 5 లక్షలు, గడువు 90 రోజులు. గడువులోగా మిగతా సొమ్ము చెల్లించకపోతే బయానా రైతుకే మిగిలిపోతుందని, కొనేవారు సూచించిన వ్యక్తి పేరిట రిజిస్ట్రేషన్ చేయడానికి రైతు ఒప్పుకున్నారని రాసి ఉంది. అది రిజిస్టరు కాలేదు కాబట్టి ఏ ఈసీలోనూ కనిపించదు. వకీలు అభిప్రాయంలో అబద్ధం లేకపోవడానికీ, నాకు అవసరమైన నిజం లేకపోవడానికీ కారణం అదే.

ఆ కాగితం చదివాక, గత నెల రోజుల్లో ఆయన చెప్పిన ప్రతి మాటకూ మరో అర్థం తోచింది. టోకెన్ బావమరిది ఖాతాకు ఎందుకు వెళ్లిందో తెలిసింది. 9 లక్షలు నగదుగా ఎందుకు కావాలో తెలిసింది. అన్నిటికంటే నన్ను బాధించింది తొందర వెనకున్న సంగతి. నల్లగొండ పార్టీ ఎవరూ లేరు. నవంబరు 24తో గడువు ముగిసేది ఆయన అగ్రిమెంటుకు. అయిదు లక్షలు పోతాయన్న భయం ఆయనది. ఆ భయాన్ని నా భయంగా మార్చి, భూమి చేజారిపోతుందేమోనని నా భార్య రెండు రాత్రులు నిద్ర లేకుండా ఉండేలా చేశారు. నేను ధర తగ్గించి అడగమని ఆయనకు మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ, రైతు ససేమిరా అంటున్నాడని జవాబు తెచ్చారు. రైతు ఆ ప్రశ్న ఎన్నడూ వినలేదు. నేను బేరం ఆడమని పంపిన మనిషే ఆ బేరంలో అవతలి మనిషి.

మరునాడు మధ్యవర్తిని మా ఇంటికి పిలిచి, కోపం లేకుండానే అడిగాను. ఆయన బుకాయించలేదు. ఆయన వాదన ఇలా ఉంది: తాను అయిదు లక్షలు అప్పు తెచ్చి పెట్టాను, పార్టీ దొరక్కపోతే ఆ సొమ్ము పోయేది తనకే, రైతు అడిగిన ధర రైతుకు ఇస్తున్నాను, మీరు ఇష్టపడిన ధర మీరు ఇస్తున్నారు, మధ్యలో మిగిలింది నా కష్టానికీ నా సాహసానికీ ఫలం, ఈ లైనులో అందరూ చేసేది ఇదే. ఈ వాదనలో బలం లేదని నేను అనను. రైతు దగ్గర కొని మరొకరికి అమ్మడం వ్యాపారం. వ్యాపారికి లాభం ఉండాలి. ఆయన మొదటి రోజే, ఈ భూమి మా అగ్రిమెంటులో ఉంది, నా ధర 46 లక్షలు అని ఉంటే, నేను ఆయన్ను అమ్మేవాడిగా చూసి, ధర సంగతి మరో నలుగురిని విచారించి, ఇష్టమైతే కొనేవాణ్ని, లేకపోతే లేచి వచ్చేవాణ్ని. ఆయన అలా అనలేదు. నా మనిషిగా పరిచయమై, నా దగ్గర ఒక శాతం మాట్లాడుకుని, ఈ ధర న్యాయమైనదేనా అని నేను అడిగితే న్యాయమైనదేనని సలహా ఇచ్చారు. అమ్మేవాడు తన సరుకు మంచిదని చెప్పడం వేరు, నా పెద్దన్నలా పక్కన కూర్చుని ఆ సరుకు కొనమని చెప్పడం వేరు.

ఈ తేడా నా మనసుకు తోచిందే కాదు, చట్టంలోనూ ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 215వ సెక్షను ప్రకారం, ఏజెంటు తనను నియమించుకున్న వ్యక్తికి ముఖ్యమైన విషయాలన్నీ తెలిపి సమ్మతి తీసుకోకుండా అదే వ్యవహారంలో తన సొంతానికి లావాదేవీ చేస్తే, విషయాన్ని దురుద్దేశంతో దాచాడని గానీ ఆ లావాదేవీ వల్ల నియమించుకున్న వ్యక్తికి నష్టం కలిగిందని గానీ తేలినప్పుడు, ఆ వ్యక్తి దాన్ని నిరాకరించవచ్చు. 216వ సెక్షను, అలా చెప్పకుండా ఏజెంటు పొందిన లాభాన్ని తనకు ఇవ్వమని అడిగే హక్కు అతనికి ఇస్తుంది. ఆ సెక్షను కింద చట్టమే ఒక ఉదాహరణ ఇస్తుంది: ఒక ఇల్లు కొనిపెట్టమని ఏజెంటుకు చెప్తే, అది దొరకదని చెప్పి తానే కొనుక్కుంటే, అతను కొన్న ధరకే తనకు అమ్మమని బలవంతం చేయవచ్చు. నూట యాభై ఏళ్ల కిందటే ఊహించి రాసిపెట్టిన మోసం ఇది. అయితే, ఆయన నా ఏజెంటు అని రుజువు చేయడానికి నా దగ్గర ఒక్క కాగితమూ లేదు, అంతా నోటిమాటే. స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే 2016 రెరా చట్టం కూడా నాకు అక్కరకు రాలేదు. రెరా కింద నమోదైన లేఅవుట్లలో, అపార్టుమెంట్లలో అమ్మకాలు జరిపే ఏజెంట్లు తామూ నమోదు చేసుకోవాలి, ప్రాజెక్టు సమాచారం కొనేవారికి అందేలా చూడాలి. రైతు దగ్గర ఎకరం పొలం కొనిపించే మధ్యవర్తిని ఆ చట్టం పట్టించుకోదు. మా వైపు భూముల బేరాల్లో ఎంతో డబ్బు చేతులు మారేది ఈ పట్టించుకోని చోటనే కావడం నాకు ఆందోళన కలిగిస్తోంది.

కోర్టుకు వెళ్లే ఓపిక మాకు లేదు. భూమి మాకు నచ్చింది. రైతు కుటుంబం మంచిది. అందుకని రాజీకి కూర్చున్నాం. ఈలోపు కల్వకుర్తి కోర్టులో పనిచేసే, మధ్యవర్తికి ఏ సంబంధమూ లేని వేరే వకీలును నేనే వెతుక్కుని పన్నెండు వేలు ఇచ్చాను. ఆమె మొదటి గంటలోనే రైతు తండ్రి ఎప్పుడు పోయారు, ఆయనకు సంతానం ఎందరు అని అడిగారు. ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. విరాసత్ (వారసత్వంగా పేరు మార్పిడి) మాత్రం కొడుకు ఒక్కడి పేరిట జరిగింది. 2005 హిందూ వారసత్వ సవరణ తర్వాత ఆ అక్కచెల్లెళ్ల హక్కును పక్కనపెట్టి కొనడం మూర్ఖత్వమని, వాళ్లిద్దరి సంతకాలూ తప్పనిసరిగా తీసుకోవాలని చెప్పారు. మొదటి వకీలు అయిదు వేలకూ, ఈమె పన్నెండు వేలకూ మధ్య తేడా ఏడు వేలు మాత్రమే. కానీ మొదటివారికి పని ఇచ్చేది మధ్యవర్తి, ఈమెకు ఇచ్చింది నేను.

చివరకు కుదిరింది ఇది. రైతుకు 37 లక్షలు పూర్తిగా బ్యాంకు ద్వారా నా నుంచే. రైతు తన బయానా అయిదు లక్షలను చెక్కు ద్వారా బావమరిదికి తిరిగి ఇచ్చారు; పాత అగ్రిమెంటు రద్దయిందనీ, తనకు ఆ భూమి మీద ఏ హక్కూ లేదనీ బావమరిది రాసి ఇచ్చారు. మధ్యవర్తికి రెండున్నర లక్షలు, నేను ముందు పంపిన లక్ష అందులోనే మినహాయించి, రసీదు మీద. శాతం కమీషను వేరే లేదు. రెండున్నర లక్షలు ఎక్కువని మా అబ్బాయి అన్నాడు. ఆయన సొమ్ము రెండున్నర నెలలు ఇరుక్కుని ఉంది, లావుణి పట్టా ముక్క నుంచి మమ్మల్ని కాపాడారు, రాజీ తర్వాత అక్కచెల్లెళ్లను అచ్చంపేట నుంచి ఒకరిని, దేవరకొండ నుంచి ఒకరిని స్వయంగా వెంటబెట్టుకుని తెచ్చి సంతకాలు చేయించారు. ఆ పనికి ఆ మాత్రం ఇవ్వడం న్యాయమని నాకు అనిపించింది. డిసెంబరులో, అప్పటికింకా నడుస్తున్న ధరణి భూ రికార్డుల పోర్టల్‌లో స్లాటు తీసుకుని, తహసీల్దారు కార్యాలయంలో పూర్తి ధర 37 లక్షలూ దస్తావేజులో రాయించి, 7.5 శాతం సుంకాల కింద 2,77,500 రూపాయలు కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం. తక్కువ విలువ వేయిస్తే లక్షన్నర మిగిలేదని చాలామంది చెప్పారు. ఇంత జరిగాక అబద్ధపు అంకె మీద సంతకం పెట్టడానికి నా చెయ్యి రాలేదు.

ధర గురించి ఒక మాట విడిగా చెప్పాలి. మిగతా విషయాలన్నిటికీ ఏదో ఒక కాగితం ఉంది: హక్కుకు పహాణీలు, లింకు డాక్యుమెంట్లు ఉన్నాయి, హద్దులకు నక్ష, సర్వేయరు ఉన్నారు, అప్పులకు ఈసీ ఉంది. అసలు ధరకు మాత్రం కాగితం లేదు. చుట్టుపక్కల జరిగిన అమ్మకాల దస్తావేజులు తెప్పించి చూసినా, చాలామంది ప్రభుత్వ విలువకు దగ్గరగానే రాయిస్తారు కాబట్టి వాటిలో నిజమైన ధర దొరకదు. ఎకరం ఎంతకు తెగిందన్నది మధ్యవర్తుల నోట్లోనే ఉంటుంది. తెలియని ఊరిలో భూమి కొనే ఉద్యోగికి, అమెరికా నుంచో దుబాయి నుంచో ఫోటోలు చూసి డబ్బు పంపే పిల్లలకు, ఆ నోరే ఆధారం. అందుకే, ఆ నోరు ఎవరి తరఫున మాట్లాడుతోందన్నది తెలుసుకోకుండా మిగతా కాగితాలన్నీ ఎంత జాగ్రత్తగా చూసినా, నాలాగే తొమ్మిది లక్షల దగ్గర దెబ్బ తినవచ్చు. నాకు తెలిసినంతలో దీనికి ఉన్న మందు ఒక్కటే: టోకెన్ ఇవ్వకముందే పట్టాదారుతో నేరుగా కూర్చుని, మీ చేతికి ఎంత వస్తుంది, ఇప్పటిదాకా ఎవరి దగ్గరైనా బయానా తీసుకున్నారా అని రెండు ప్రశ్నలు అడగడం. అలా అడగడానికి వీల్లేదని మధ్యవర్తి అంటే, ఆ బేరం అక్కడే ఆపేయాలి.

మార్కులు వేయమంటే, భూమి వెతకడంలో, రికార్డుల జ్ఞానంలో, దారీ హద్దూ చూపించడంలో అయిదుకు నాలుగున్నర వేస్తాను. నా తరఫున బేరం ఆడే విషయంలో సున్నా. చూపించిన వకీలుకు ఒకటి. రాజీ తర్వాత పని పూర్తిచేయడంలో నాలుగు. మొత్తం కలిపి అయిదుకు రెండు. సున్నా వచ్చిన చోటనే నా డబ్బు ఎక్కువగా పోబోయింది కాబట్టి సగటు తీయడం నాకు ఇష్టం లేదు.

ఇటీవల నాతో పనిచేసిన మిత్రుడొకరు అదే వైపు భూమి చూస్తూ ఆయన నంబరు అడిగారు. నంబరు ఇచ్చాను, దానితోపాటు ఒక పేజీ ఉత్తరం కూడా రాసి ఇచ్చాను. అందులో ఉన్నవి మధ్యవర్తి సంతకం పెట్టవలసిన మూడు వాక్యాలు: ఈ భూమిలో నాకు గానీ నా బంధువులకు గానీ అగ్రిమెంటు, వాటా, బయానా ఏదీ లేదు, లేదా ఉంటే ఇక్కడ రాస్తున్నాను, ఈ బేరంలో నాకు ఎవరెవరి నుంచి ఎంత వస్తుందో ఇది, రైతు చెప్పిన ధరను ఉన్నదున్నట్టు తెలియజేస్తాను. మా మిత్రుడు సైటు చూడకముందే ఆ ఉత్తరం ఆయన ముందు పెట్టి సంతకం అడిగారు. మధ్యవర్తి కాసేపు చదువుకుని, తాను చూపించాలనుకున్న మూడు బిట్లలో రెండు తమ అగ్రిమెంటులోనే ఉన్నాయని, వాటి ధర తనదేనని చెప్పి, మూడోదానికి సంతకం పెట్టారు. ఆ మూడోదాని పట్టాదారు ఇంటికి వచ్చే ఆదివారం మిత్రుడితో పాటు నేనూ వెళ్తున్నాను.